మా మామగారి అరుదైన దగ్గు

నేను కాపురానికి వెళ్ళిన ఇల్లు చిత్తూరులో ఒక బెల్లం మండీ వెనక ఉండేది. ముందు మండీ, మధ్యలో ఇల్లు, వెనక రేకుల షెడ్డు. ఈ మూడింటిలో మా మామగారు ఎక్కడ ఉన్నదీ ఆయన దగ్గును బట్టి తెలిసిపోయేది. మండీలో దగ్గితే అందులో కాస్త అధికారం ఉండేది. ఇంట్లో దగ్గితే విసుగు. షెడ్డులోకి పోయి వచ్చిన రోజు మాత్రం స్తంభం పట్టుకుని వంగిపోయి, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా దగ్గేవారు. సాయంత్రానికి చలి, జ్వరం. ఎండాకాలంలో కూడా దుప్పటి మీద దుప్పటి కప్పుకుని, ఆయాసంతో ఎగిరెగిరి పడుతూ, మధ్యమధ్యలో తల బయటపెట్టి మండీలో తూకం సరిగ్గా వేస్తున్నారో లేదో అడిగేవారు.

ఆ షెడ్డు నిండా చెరకు పిప్పి. చెరకు ఆడాక మిగిలే పిప్పిని రైతులు ఎండబెట్టి బెల్లం పొయ్యికే మంట పెట్టుకుంటారు. అక్కడా మిగిలిపోయినదాన్ని మామగారు చవకగా కొని, కట్టలు కట్టించి, షెడ్డులో వేయించేవారు. అట్టల ఫ్యాక్టరీకి అమ్మాలని ఆయన ఆలోచన. ధర పెరుగుతుందని ఆగేవారు. ధర పెరిగేది కాదు. వానకు రేకులు కారేవి, పిప్పి తడిసేది, ఆరేది, మళ్ళీ తడిసేది. లోపలంతా తెల్లగా బూజు పట్టి, ఒక కట్ట లాగితే పొగలాగా దుమ్ము లేచేది. కూలీలు కట్టలు దొంగిలిస్తున్నారని ఆయనకు గట్టి అనుమానం. బూజు పట్టిన పిప్పిని ఎత్తుకుపోయేంత దౌర్భాగ్యుడు జిల్లా మొత్తంలో ఎవడున్నాడో నాకు తెలియదు. ఆయన మాత్రం రోజూ కర్ర తీసుకుని లోపలికి వెళ్ళి, ఒక్కొక్క కట్టనూ పొడిచి చూసి వచ్చేవారు.

మా వీధిలో ఉండే ముసలి డాక్టరు మొదట క్షయ అన్నాడు. ఉమ్మి పరీక్షలో ఏమీ కనబడలేదు. అయినా క్షయకే సూదులు వేశాడు. ఎందుకంటే ఆయన దగ్గర దగ్గుకు ఉన్న వైద్యాలు రెండే. ఒకటి ఎర్ర సీసాలో మందు, అది పని చెయ్యకపోతే క్షయ సూదులు. ఆ జబ్బు పేరు ఇంట్లో ఎవరూ పలికేవాళ్ళు కాదు. మామగారి గ్లాసు వేరయింది, కంచం వేరయింది. ఆయన తమ్ముడు, అంటే మా చిన్నమామ, పరామర్శకు వచ్చి గుమ్మం దాటేవారు కాదు. కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని, అక్కడి నుంచే "ఎట్లుండావన్నా" అని అరిచేవారు. జబ్బు కంటే ఈ కండువా మామగారిని ఎక్కువ బాధపెట్టింది. సూదులకు ఒళ్ళు హూనమయిందే గానీ దగ్గు తగ్గలేదు. చివరికి ఆ ముసలి డాక్టరే చెప్పాడు.

"తిరుపతిలో ఊపిరితిత్తులకని ఒకాయన ఫారిన్ నుంచి వచ్చి ఉండాడు. ఆయప్పకు సూపీయండి. నా చేతిలో ఉండేది అయిపోయింది."

మా ఆయన మండీ వదిలి రాలేడు. నేను తిరుపతిలో పుట్టి పెరిగి బీయస్సీ చదివినదాన్ని. ఆ డిగ్రీకి ఆ ఇంట్లో దొరికిన మొదటి ఉద్యోగం ఇదే. మామగారిని బస్సులో తిరుపతికి తీసుకువెళ్ళడం, డాక్టరు ఇంగ్లీషులో చెప్పింది ఆయనకు తెలుగులో చెప్పడం.

ఎమర్జెన్సీ పోయి కొద్ది ఏళ్ళయిన కాలం అది. తిరుపతి బస్టాండు వెనక సందులో ఒక మిద్దె. కింద యాత్రికుల లాడ్జి, పైన ఆ డాక్టరుగారి శ్వాసకోశ వ్యాధుల పరిశోధనా కేంద్రం. మెట్ల మీద కొత్తగా గుండు చేయించుకుని చందనం పూసుకున్నవాళ్ళూ, దగ్గుకుంటూ ఎక్కేవాళ్ళూ ఎదురుపడి ఒకరికొకరు దారి ఇచ్చుకునేవారు. డాక్టరుగారికి నలభై ఏళ్ళుంటాయి. తిరుపతి ఎండలో కూడా కోటు, టై. టై కాస్త వదులు చేస్తే విదేశీ డిగ్రీ కింద జారిపోతుందని భయమేమో అనిపించేది.

గదిలో ఒక యంత్రం ఉండేది. పెద్ద డబ్బాలో నీళ్ళు, ఆ నీళ్ళలో బోర్లించిన ఇంకొక డబ్బా, పక్కన తిరిగే కాగితం మీద ఒక కలం. నోట్లో గొట్టం పెట్టుకుని ఊదితే లోపలి డబ్బా లేచేది, కలం కాగితం మీద కొండ గీసేది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు ఊదితే నిజంగానే కొండలా ఉంటుందట. మామగారు గీయించింది మాత్రం తెగిపోయిన చెరువు గట్టులా ఉంది.

డాక్టరు ఆయన పని గురించి అడిగాడు. మండీ గురించి చెప్పినంతసేపూ గోళ్ళు చూసుకుంటూ కూర్చున్నాడు. షెడ్డు, పిప్పి, బూజు అనేసరికి తల ఎత్తాడు. షెడ్డులోకి వెళ్ళిన సాయంత్రమే జ్వరం వస్తుందని నేను చెప్పగానే కుర్చీలోంచి లేచాడు.

"క్షయ కాదమ్మా ఇది. చెరకు పిప్పి బూజు వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు. చాలా అరుదు. పుస్తకాల్లో చదివానే గానీ మనిషిని చూడటం ఇదే మొదలు. రేర్ కేస్."

మామగారు నా కొంగు పట్టుకుని లాగారు. "ఏమంటాడమ్మణ్ణీ?"

"మీకు క్షయ కాదంట మామా. చాలా తక్కువమందికి వచ్చే జబ్బంట."

"ఎంత తక్కువమందికి?"

అడిగి చెప్పాను. ఈ చుట్టుపక్కల ఇంకెవరికీ ఉన్నట్టు డాక్టరుగారికి తెలియదట. మామగారు వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నారు. ఆయన అలా కూర్చోవడం చూసి చాలా రోజులైంది. తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు కావాలని ఒక కుర్రవాడిని లేపారు కూడా. అరుదైన మనిషికి ఆ మాత్రం మర్యాద జరగాలి కదా.

మర్నాడు మండీలో ఆయన గొంతు ఇంట్లోకి వినబడుతోంది.

"అందరికీ వచ్చే రోగం కాదప్పా ఇది. ఈ జిల్లాలో నాకొక్కడికే ఉండాది."

పలమనేరు నుంచి వచ్చిన ఒక వ్యాపారి ఆశగా అన్నాడు. "నాకూ దగ్గుండాది గదన్నా."

"నీది ఉత్త దగ్గు లేప్పా" అన్నారు మామగారు, అతని మీద జాలిపడుతూ.

చిన్నమామ కండువా తీసేసి గుమ్మం దాటి లోపలికి వచ్చారు. గ్లాసులూ కంచాలూ కలిసిపోయాయి. ఇంతవరకు ఆ డాక్టరుకు మేమందరం రుణపడే ఉన్నాం. ఇక్కడితో ఆగి ఉంటే ఆయన ఫోటో కట్టించి దేవుడి గూట్లో పెట్టి ఉండేదాన్ని.

రెండోసారి వెళ్ళినప్పుడు నేను ఆయన్ని అడిగాను. "డాక్టరుగారూ, మామగారు ఆ షెడ్డులోకి వెళ్ళడం మానేస్తే ఈ జబ్బు తగ్గిపోతుందా?"

బీయస్సీ ఆడపిల్ల ఇలాంటి ప్రశ్న వేస్తుందని ఆయన అనుకోలేదు. కలం మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు.

"అది ఊహ మాత్రమేనమ్మా. ముందు నిరూపించాలి."

"ఎలా నిరూపిస్తారు?"

"ఆయన పిప్పి దగ్గరికి వెళ్ళాలి. వెళ్ళినప్పుడు ఊపిరి ఎంత పడిపోతోందో మనం కొలవాలి."

"కొలిచాక?"

"మళ్ళీ వెళ్ళాలి. ఒక్కసారి కొలిస్తే సైన్సు ఒప్పుకోదు."

సైన్సు ఒప్పుకోదన్న మాట మామగారికి అనువదించి చెప్పాను. ఆయన దాన్ని కొండ మీద స్వామివారి ఆజ్ఞలా స్వీకరించారు. అంతకుముందు దొంగల భయంతో షెడ్డులోకి వెళ్ళేవారు, ఇప్పుడు సైన్సు కోసం వెళ్ళారు. జ్వరం వస్తే తిరుపతి బస్సు ఎక్కేవాళ్ళం. డాక్టరు ఊదించి, రాసుకుని, భుజం తట్టి పంపేవాడు.

ఒకసారి ఆ పిప్పినే ఒక గోనెసంచి నిండా తెమ్మన్నాడు. బస్సులో కండక్టరు సంచి మీద కాలు పెట్టి ఆపాడు.

"ఏందిది?"

"చెరకు పిప్పి" అన్నాను.

"గొడ్లకా?"

"కాదు. మా మామగారికి."

కండక్టరు ఆయన్ని కింద నుంచి పైదాకా చూశాడు. తిరుపతి బస్సుల్లో పని చేసేవాడు కాబట్టి మనుషులు దేవుడికి ఏమేమి మొక్కుకుంటారో అతనికి తెలుసు. "మొక్కా?" అని మెల్లిగా అడిగి, జవాబు కోసం చూడకుండా సంచిని లోపలికి జరిపాడు. పాకాల దాటేసరికి మా ముందు సీట్లలో వాళ్ళంతా తుమ్ముతున్నారు.

డాక్టరు ఆ సంచిని ఒక చిన్న గదిలో పెట్టించి, మామగారిని లోపల కూర్చోబెట్టి, సంచిలో చేయి పెట్టి కలుపుతూ ఉండమన్నాడు. తాను అద్దం తలుపు అవతల జేబురుమాలు ముక్కుకు పెట్టుకుని నిలబడ్డాడు. సాయంత్రానికి మామగారు కింద లాడ్జి మంచం మీద పళ్ళు టకటక కొట్టుకుంటూ వణుకుతున్నారు. డాక్టరు జ్వరం చూసి "వచ్చింది" అన్నాడు. పురుడు గది ముందు కాచుకున్న తండ్రికి మగపిల్లవాడు పుట్టాడని చెప్పినట్టుంది ఆ గొంతు.

మామగారు దుప్పటిలోంచి నన్ను పిలిచారు. "బాగా వచ్చిందా అమ్మణ్ణీ?"

"బాగానే వచ్చింది మామా."

"ఆయప్పకు సంతోషమేనా?"

"చాలా సంతోషంగా ఉన్నాడు."

ఆయన తృప్తిగా కళ్ళు మూసుకున్నారు. నాకు కోపం ఎవరి మీద రావాలో తెలియలేదు.

ఇంటికి వచ్చాక నేనూ అత్తగారూ కలిసి ఆ పిప్పి అమ్మేద్దామని గట్టిగా చెప్పి చూశాం. మామగారు ఒప్పుకోలేదు.

"అది అమ్మేస్తే ఆ డాక్టరు దేన్ని సూసి రాస్తాడు?"

"రాసేదానికి ఆయప్ప ఇంకేదన్నా సూసుకుంటాడు. నీకు ఊపిరి యాడనుంచి తెచ్చుకుంటావు?" అన్నారు అత్తగారు.

"నీకు తెలవదు. ఇది మనింటి విషయం కాదిప్పుడు."

ఆయాసం మరీ ఎక్కువైనప్పుడు డాక్టరు చిన్న తెల్ల మాత్రలు ఇచ్చాడు. వాటితో ఊపిరి కాస్త ఆడింది. ఆకలి పెరిగింది. మొహం గుండ్రంగా ఉబ్బింది. వచ్చిన చుట్టాలంతా "మామ తేరుకున్నాడు, మొహం నిండింది" అని మెచ్చుకున్నారు. ఆ మాత్రలు వాడేవాళ్ళకు అలా ఉబ్బుతుందనీ, రక్తపోటు కూడా పెరగవచ్చుననీ మాకు ఎవరూ చెప్పలేదు. కొన్ని నెలలకు తలనొప్పులు మొదలయ్యాయి. వీధిలో ముసలి డాక్టరు చేతికి పట్టీ చుట్టి చూసి, బీపీ చాలా ఎక్కువగా ఉందన్నాడు. మాత్రలు రాసిచ్చాడు. మామగారు ఆ చీటీని మడిచి జేబులో పెట్టుకున్నారు. మందులు కొననివ్వలేదు.

"బీపీ ఏమి జబ్బబ్బా? మన మండీలో మూటలెత్తే వానిక్కూడా ఉండాది."

తలనొప్పి సంగతి తిరుపతి డాక్టరుకు నేనే చెప్పాను. ఆయన కాగితం మీద కొండలు చూసుకుంటూ అన్నాడు. "తల నా సబ్జెక్టు కాదమ్మా. ఇప్పుడు దాన్ని కలిపితే కేసు కలగాపులగం అయిపోతుంది."

ఆ చలికాలంలో ఆయన తిరుపతిలో ఒక కల్యాణమండపం తీసుకుని వైద్యుల సభ పెట్టాడు. మద్రాసు నుంచి కూడా కొందరు పెద్ద డాక్టర్లు వచ్చారు. ఆ సభలో మామగారిని చూపించాలి. మామగారు జరీ అంచు పంచె తీయించారు, కొత్త చొక్కా కుట్టించారు, టాక్సీ మాట్లాడారు. అత్తగారూ నేనూ వెంట వెళ్ళాం. దారిలో చంద్రగిరి దగ్గర కారు ఆపించి వాంతి చేసుకున్నారు. తల పగిలిపోతున్నట్టుందని ఒక చేత్తో నుదురు పట్టుకుని కూర్చున్నారు.

"డాక్టరుకు సెప్పుదాం" అన్నారు అత్తగారు.

"ఈ పొద్దు తలనొప్పి మాట ఎత్తొద్దు. అంతమంది వచ్చింటారు."

వేదిక మీదికి వెళ్ళగానే డాక్టరు చేసిన మొదటి పని ఆ కొత్త చొక్కా విప్పించడం. మామగారు దాన్ని మడిచి, ఎక్కడ పెట్టాలో తెలియక, చంకలో పెట్టుకున్నారు. డాక్టరు ఆయన ఛాతీ మీద సిరా పెన్సిలుతో గీతలు గీసి, తిప్పి వీపు చూపించి, పిప్పి గురించి ఉపన్యాసం ఇచ్చాడు. ఊపిరి ఎంత తక్కువో అందరికీ తెలిసేలా, ఒకే ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమని మామగారిని అడిగాడు.

"ఒకటి, రెండు, మూడు" అన్నారు మామగారు. కాస్త ఆగి "బెల్లం" అన్నారు. మళ్ళీ "బెల్లం, బెల్లం" అన్నారు.

సభలో నవ్వులు వినబడ్డాయి. డాక్టరు కూడా నవ్వి, మెదడుకు ప్రాణవాయువు అందకపోవడం వల్ల ఇలా తికమకపడతారని వివరించాడు. చంకలోని చొక్కా జారి కింద పడింది. దాన్ని తీసుకోవడానికి ఆయన కుడిచెయ్యి లేవలేదు. మెల్లిగా ఒక పక్కకు ఒరిగి, అక్కడి బల్ల మీద తల ఆనించారు.

డాక్టర్లందరూ లేచారు. అంతమంది డాక్టర్లు ఒక రోగి చుట్టూ చేరడం నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. ఒకాయన గుండె అన్నాడు. ఒకాయన ఊపిరి అందలేదన్నాడు. ఒకాయన పొద్దున ఏం తిన్నాడని నన్ను అడిగి, ఇడ్లీ అని చెబితే ఆలోచనలో పడ్డాడు. మా డాక్టరు, పిప్పి దుమ్ము పీల్చిన ఇన్నాళ్ళకు కూడా ఇలా జరగవచ్చునని ఎక్కడో చదివానంటున్నాడు. ఎవరి దగ్గరా రక్తపోటు చూసే పట్టీ లేదు. పరిశోధన సభకు అవి ఎవరు తెస్తారు? ఈ గొడవలోనే ఒక వంట బ్రాహ్మడు తలుపు దగ్గరికి వచ్చి భోజనాలు వడ్డించామని చెప్పాడు. వెనక వరసలో ఇద్దరు ముగ్గురు అటు కదిలారు కూడా.

చివరికి రిటైరైన ఒక ముసలి సర్జను అందరినీ తోసుకుంటూ వచ్చి, మామగారి రెప్పలు ఎత్తి చూశాడు. చెయ్యి ఎత్తి వదిలి చూశాడు.

"మూతి ఒక పక్కకు పోయింది, కుడిపక్క పడిపోయింది. ఇంకా ఏం చర్చ? తలలో రక్తనాళం చిట్లింది. మీకు కారుందా అమ్మా?"

ఉందన్నాను.

"వేలూరికి తీసుకుపోండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో నీళ్ళు కూడా పొయ్యొద్దు. నడుమ ఎక్కడా ఆగొద్దు."

ఆయనే టాక్సీ దాకా వచ్చి పడుకోబెట్టించాడు. మా పరిశోధక డాక్టరు కారు కిటికీలోంచి తల పెట్టి, అక్కడి వాళ్ళకు ఊపిరితిత్తుల సంగతి కూడా చెప్పమని నాకు గుర్తు చేశాడు.

ఎక్కడా ఆగొద్దని చెప్పినా చిత్తూరులో ఆగక తప్పలేదు. మండీకి ట్రంకు కాల్ చేసి చెప్పించాం కాబట్టి మా ఆయన దారిలో ఎక్కాలి. ఆయన కంటే ముందు చిన్నమామ కారుకు అడ్డంగా నిలబడి ఉన్నారు.

"పక్షవాతానికి వేలూరెందుకు వదినా? పలమనేరు దగ్గర పల్లెలో పసురు పోస్తారు. పావురం నెత్తురు పూస్తే చెయ్యి లేస్తాది. ఎంతమందికి లేసిందో నేను సూసినాను."

అత్తగారి ఒడిలో మామగారి తల ఉంది. ఆమె అక్కడి నుంచి కదల్లేదు.

"ఆయప్ప తలలో నెత్తురు ఎక్కువై సస్తా ఉండాడు. మళ్ళా పావురానిది పూస్తావా? పక్కకు జరుగు" అన్నారు.

చిన్నమామ పక్కకు జరిగారు. మా ఆయన ముందు సీట్లో ఎక్కాడు.  వేలూరు చేరేదాకా, కారు గుంటలో పడ్డప్పుడల్లా అత్తగారు రెండు చేతులతో ఆ తలను గట్టిగా పట్టుకునేవారు.

వేలూరు ఆస్పత్రిలో మమ్మల్ని చూసిన సర్జను సన్నగా, పొదుపుగా మాట్లాడే మనిషి. పరీక్షలన్నీ అయ్యాక, ఏ మందులు వాడుతున్నారని అడిగాడు. తెల్ల మాత్రల సీసా చూపించాను.

"ఇవి ఇన్ని నెలలుగానా? బీపీ ఎవరు చూస్తున్నారు?"

మా వీధి డాక్టరు చూశాడనీ, మా మామగారు బీపీ మాత్రలు వేసుకోలేదనీ చెప్పాను. ఎందుకు వేసుకోలేదని అడిగాడు. ఆ కారణాన్ని ఇంగ్లీషులో ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. ఆయన కూడా రెట్టించలేదు.

"మెదడులో రక్తనాళం చిట్లి గడ్డ కట్టింది. ఆ గడ్డ మెదడును నొక్కుతోంది. పుర్రె తెరిచి తీసేస్తే బతకడానికి అవకాశం ఉంది. మాట, చెయ్యి సంగతి మాత్రం ఇప్పుడే చెప్పలేను."

మా ఆయన గోడకు ఆనుకున్నాడు. అత్తగారు ముందుకు వచ్చారు. చిత్తూరు మనిషి కాబట్టి అరవం బాగానే వచ్చు. ఆ భాషలోనే అడిగారు.

"ఇది అందరికీ వచ్చే జబ్బేనా నాయనా? లేకపోతే ఆయప్పకు ఒక్కడికేనా?"

"చాలామందికి వస్తుందమ్మా. మేము రోజూ చూసేదే."

అత్తగారు ఒక పెద్ద ఊపిరి వదిలారు. "అట్లయితే నీకు తెలిసే ఉంటాది. సెయ్యి నాయనా."

మంగలి వచ్చి మామగారికి గుండు గీశాడు. తిరుపతి ఎన్నిసార్లు వెళ్ళినా, పరిశోధన తొందరలో కొండెక్కి తలనీలాలు ఇవ్వడం కుదరలేదని అత్తగారికి దిగులు ఉండేది. ఆ జుట్టు కింద రాలుతుంటే చూసి "స్వామికి ఇయ్యాల్సింది వేలూర్లో ఇచ్చినాం. ఆయనే సర్దుకుంటాడు" అన్నారు. తరవాత వరండాలో కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చారు. మామగారి కోసం ఆమె ఏడవడం నేను చూసింది అప్పుడొక్కసారే.

ఆపరేషన్ బాగా జరిగింది. మామగారు బతికారు. కుడికాలు ఈడుస్తూ నడవగలిగారు. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుంటే పెట్టిన చోటే ఉండేది. మాట మెల్లగా తిరిగి వచ్చింది గానీ మనుషుల పేర్లు పోయాయి. నన్నూ "అప్పా" అనేవారు, కొడుకునూ "అప్పా" అనేవారు, పెళ్ళాన్నీ "అప్పా" అనే పిలిచేవారు. ముప్పై ఏళ్ళ సంసారంలో పెనిమిటి తనను ఇంత మర్యాదగా ఎప్పుడూ పిలవలేదని అత్తగారు అనేవారు.

వేలూరిలో ఉండగానే నేను ఒక సంగతి గమనించాను. ఆయన దగ్గడం లేదు. ఇంటికి వచ్చాక కూడా దగ్గలేదు. ఆ నెలల్లో అత్తగారు షెడ్డు తలుపులు తీయించి, మొత్తం పిప్పిని అట్టల ఫ్యాక్టరీ వాడు ఎంతకడిగితే అంతకు తోలించేశారు. షెడ్డు కడిగించి సున్నం కొట్టించారు. మామగారికి చెప్పలేదు. చెప్పినా ఆయన అడ్డుపడే స్థితిలో లేరు. తలలో రక్తనాళం చిట్లడం వల్ల ఆ ఇంటికి జరిగిన మంచి ఏదైనా ఉంటే అదే.

కొంతకాలానికి తిరుపతి డాక్టరు మా ఇంటికి వచ్చాడు. కోటు, టై, వెనక ఒక మనిషి చేతిలో చిన్న ఊదే యంత్రం. మామగారి కుడివైపు పెదవి బిగించలేకపోయేది కాబట్టి ఎంత ఊదినా గాలి పక్క నుంచి పోయేది. ఆయన నిరాశపడ్డాడు. తరవాత స్టెతస్కోపు పెట్టి ఛాతీ విన్నాడు. చాలాసేపు విన్నాడు. దగ్గు ఎప్పుడు పోయిందని నన్ను అడిగాడు.

"ఆపరేషన్ తరవాత నుంచీ లేదండీ."

ఆయన కళ్ళలో నాకు తెలిసిన ఆ వెలుగు మళ్ళీ కనిపించింది.

"అద్భుతం. మెదడులో రక్తస్రావం జరిగాక ఊపిరితిత్తుల జబ్బు పూర్తిగా నయమైంది. ఇలాంటిది నేను ఎక్కడా చదవలేదు. మెదడుకూ ఈ జబ్బుకూ ఏదో సంబంధం ఉందమ్మా. దీని మీద వేరే వ్యాసం రాయాలి."

"పిప్పి అమ్మేశాం డాక్టరుగారూ. షెడ్డు ఖాళీ."

"అది యాదృచ్ఛికం" అన్నాడు ఆయన, కాగితం మీద ఏదో రాసుకుంటూ.

కాఫీ గ్లాసు తెచ్చి పక్కనే నిలబడ్డ అత్తగారు ఇదంతా వింటున్నారు. గ్లాసు ఆయన చేతికి ఇవ్వకుండా అడిగారు.

"అంటే తల పగిలినందుకు దగ్గు పోయిందంటావా?"

"అలా అనిపిస్తోందమ్మా. పరిశోధించాలి."

"అయితే ఇంక నీ దగ్గిరికి దగ్గుకుంటా వచ్చేవోళ్ళందరికీ తల పగలగొడతావా నాయనా?"

 మామగారు ఎడమచేత్తో మోకాలు కొట్టుకుంటూ నవ్వారు. ఆ నవ్వులో దగ్గు లేదు. అత్తగారు గ్లాసు డాక్టరు ముందు పెట్టి, "తాగి పో నాయనా, సల్లారిపోతాది" అన్నారు. ఆయన తాగి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. తరవాత ఏడాదో రెండేళ్ళో అయ్యాక ఆ మిద్దె పైభాగం కూడా లాడ్జిలో కలిపేశారని తెలిసింది. ఆయన ఏదో పెద్ద ఊరికి వెళ్ళాడన్నారు. మా మామగారి మీద వ్యాసం అచ్చయిందో లేదో, అయితే అందులో ఏం రాశాడో నాకు తెలియదు. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. మా మామగారికి క్షయ కాదని చెప్పిన మొదటి మనిషి ఆయనే. జబ్బును కనిపెట్టడం ఆయనకు చేతనయింది. ఆ తరవాత దాన్ని వదిలిపెట్టడం చేతకాలేదు.

మామగారు పొద్దున పూట బీపీ మాత్ర వేసుకునేవారు. అత్తగారు ఎదురుగా నిలబడి మింగేదాకా చూసేవారు. మండీ లావాదేవీలన్నీ మా ఆయన చేతికి వచ్చాయి, మా ఆయన అత్తగారి చేతిలో ఉన్నాడు.

మరుసటి సీజనుకు మామగారు మండీలో కూర్చుంటానన్నారు. పేర్లు గుర్తులేని మనిషి వ్యాపారం ఎలా చేస్తాడని మా ఆయన భయపడ్డాడు. కానీ చిత్తూరు బెల్లం మండీలో పేరు పెట్టి పిలిచేదెవరు? "రాప్పా, కూర్చోప్పా, ఎట్లుండావప్పా" అని ఆయన పలకరిస్తుంటే రైతులందరూ మామగారికి తాము బాగా గుర్తున్నామనే అనుకున్నారు. ఒక్కరు కూడా పసిగట్టలేదు.

ఒక రోజు వడమాలపేట వైపు నుంచి ఒక రైతు బండిలో బెల్లం తెచ్చాడు. మామగారు ఎడమచేత్తో ఒక ముక్క విరిచి నాలుక మీద వేసుకున్నారు. కళ్ళు మూసుకుని చప్పరించి, తల అడ్డంగా ఊపారు.

"ఉప్పప్పా."

"ఉప్పేడుందన్నా, తీపే గదా" అన్నాడు రైతు.

మామగారు ఇంకో ముక్క విరిచి అతని నోట్లోనే పెట్టారు. అతను నమిలి, "చెరుక్కు బోరు నీళ్ళు పెట్టినాను లే అన్నా, కాస్త ఉండాది" అన్నాడు. లోపలి నుంచి అత్తగారు, ధర దించి కాటా వెయ్యమని కేకేశారు.